పొరల మెక్సికన్ కాసరోల్: చపాతీతోనా, టోర్టియాతోనా, మొక్కజొన్న రొట్టెతోనా?

మా అక్క టెక్సాస్‌లో ఉంటుంది. కిందటి వేసవిలో విజయనగరం వచ్చినప్పుడు ఒక శనివారం సాయంత్రం అందరినీ వంటింట్లోంచి తరిమేసి, మా ఓటీజీలో (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) ఒక గాజు గిన్నె పెట్టి, ముప్పావు గంట తర్వాత బయటికి తీసింది. కింద రొట్టె, దాని మీద రాజ్మా, టమాటా సాస్, చీజ్, మళ్లీ రొట్టె, అలా మూడంతస్తులు. ఇలా గిన్నెలో పేర్చి ఓవెన్‌లో పెట్టి చేసేదాన్నే కాసరోల్ అంటారు. పిల్లలు గిన్నె అడుగు కూడా గీకేశారు. మా అమ్మ కళ్లజోడు సర్దుకుని, "ఏట్రా ఇది, మీ అక్క చపాతీలకి మేడ కట్టీసింది" అంది. నాన్న ఒక ముక్క తిని, బాగానే ఉందమ్మా అని చెప్పి, ఆ తర్వాత మామూలుగా పెరుగన్నం కలుపుకున్నారు.

అక్క వెళ్లిపోయాక రెండు వారాలకి నేను చేశాను. ఘోరంగా వచ్చింది. కత్తి పెడితే పొరలు కనబడాలి కదా, గరిటెతో తీసుకోవాల్సొచ్చింది, చోడంబలి (రాగి అంబలి) కాస్త గట్టిపడితే ఎలా ఉంటుందో అలా. మా ఆవిడ ఏమీ అనలేదు, పిల్లలకి గుడ్డట్టు వేసి పెట్టింది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఎనిమిది సార్లు చేసుంటాను, ప్రతిసారీ ఏదో ఒకటి మార్చి. రొట్టె మార్చాను, గిన్నె మార్చాను, పప్పు మార్చాను, ఒకసారి చీజ్ మానేసి కూడా చూశాను (వద్దు). అందులో తేలింది ఇక్కడ రాస్తున్నాను. మీరూ ఇంట్లో రాత్రి భోజనానికి ఇలాంటిదొకటి చేద్దామనుకుని, వీడియోలు నాలుగు చూసి నాలుగు రకాలుగా ఉన్నాయేమిటని ఆగిపోయుంటే, ఏది మీకు సరిపోతుందో చెప్పగలననుకుంటున్నా.

ముందు ఒక అనుమానం తీర్చేస్తాను. "ఇది అసలైన మెక్సికన్ వంటేనా" అని. మెక్సికోలో దీనికి దగ్గరి చుట్టం పాస్టెల్ అస్తెకా అనే వంట. కొందరు బుదిన్ అస్తెకా అంటారు. మొక్కజొన్న టోర్టియాలని (టోర్టియా అంటే వాళ్ల పలచటి రొట్టె) నూనెలో కాస్త వేయించి, చికెన్, కాల్చి తొక్క ఒలిచిన పొబ్లానో మిరపకాయల చీలికలు, సాస్, క్రీమ్, చీజ్ పొరలు పొరలుగా పేర్చి ఓవెన్‌లో పెడతారు. మైదా టోర్టియా, జీలకర్ర పొడి దండిగా, పసుపు రంగు చీజ్ కుప్పగా వేసేది టెక్సాస్ వైపు పద్ధతి, దాన్నే కొంతమంది మెక్సికన్ లసాన్యా (లసాన్యా ఇటలీవాళ్ల పొరల వంట) అని కూడా పిలుస్తారు. మా అక్క చేసింది ఈ రెండోది. మనం ఇక్కడ చేసేది దాని మీద ఇంకో నకలు. కాబట్టి అసలు నకలు అన్న టెన్షన్ పెట్టుకోకండి. పైగా మొక్కజొన్న, టమాటా, మిరప, రాజ్మా, ఈ నాలుగూ పుట్టింది అమెరికా ఖండాల్లోనే, 1492 తర్వాతే ఓడలెక్కి మనదాకా వచ్చాయి. ఇప్పుడు అవి లేకుండా మన వంటిల్లు నడుస్తుందా? సరుకులన్నీ మనకి తెలిసినవే, పేర్చడమే కొత్త.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు తడి. ఈ వంట పాడైతే పదిలో తొమ్మిదిసార్లు తడి వల్లే పాడవుతుంది. రొట్టె ఎంత నీరు పీలుస్తుంది, పీల్చాక నిలబడుతుందా కరిగిపోతుందా అన్నదే అసలు సంగతి. రుచి తర్వాత సర్దుకోవచ్చు, ముద్దైపోయినదాన్ని ఎవరూ బాగు చేయలేరు.

తర్వాత తినేవాళ్లు. మా ఇంట్లో ఆరుగురం. నాన్నకి ముందు పళ్లు రెండు లేవు, అమ్మకి చీజ్ వాసన పడదు, పిల్లలకి కారం పడదు, నాకూ మా ఆవిడకీ కారం లేకపోతే తిన్నట్టుండదు. ఒకే గిన్నెలో ఇంతమందిని సంతోషపెట్టడం పెళ్లిచూపుల్లాంటి వ్యవహారం. మీ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ముందే తేల్చుకోండి.

మూడోది సరుకు ఎక్కడ దొరుకుతుందన్నది. విజయనగరంలో, శ్రీకాకుళంలో పెద్ద సూపర్ మార్కెట్లలో మొజరెల్లా, ఓరిగానో, స్వీట్‌కార్న్ ఇప్పుడు దొరుకుతున్నాయి. టోర్టియా ప్యాకెట్ మాత్రం ఒక వారం ఉంటే ఇంకో వారం ఉండదు. దానికోసం విశాఖ వెళ్లడం, లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం. రాజాం, బొబ్బిలి, పలాస వైపు ఉన్నవాళ్లకి ఇది ఇంకా కష్టం. విశాఖ నుంచి బస్సులో చీజ్ తెచ్చుకునేవాళ్లు మే నెలలో మాత్రం ఐస్ ముక్కలు వేసిన సంచి పట్టుకెళ్లండి. నేను ఒకసారి ఊరికే చేతిసంచిలో తెచ్చాను, ఇంటికొచ్చేసరికి నూనె వేరు, ముద్ద వేరు.

ఇక సమయం, ఓవెన్ ఉందా లేదా, మర్నాటికి మిగిలితే పనికొస్తుందా అన్నవి. వీటి గురించి ఎక్కడికక్కడ చెప్తాను.

అసలు తగువంతా రొట్టె దగ్గరే

ముందు మిగిలిన చపాతీ సంగతి. అందరింట్లోనూ ఉండేది, ఖర్చు లేనిది, నేను మొదటిసారి పాడు చేసిందీ దీనితోనే. అప్పుడే చేసిన మెత్తటి చపాతీలు పేర్చాను, అదీ తప్పు. మెత్తటి చపాతీ సాస్ మొత్తం తాగేసి ఉబ్బి పొరా పొరా అతుక్కుపోతుంది. రాత్రివి తెల్లారికి కాస్త ఆరిపోయి ఉంటాయి చూడండి, అవి బాగుంటాయి. వాటిని కూడా అలాగే వాడకూడదు, పెనం మీద కొద్దిగా నూనె రాసి, సన్నటి సెగ మీద రెండు వైపులా అప్పడానికి కాస్త తక్కువలో ఉండేలా కాల్చాలి. వంచితే విరగాలి, మడత పడకూడదు. అంతవరకూ కాల్చిన చపాతీ, గిన్నెలో అరగంట సాస్‌లో ఉన్నాక సరిగ్గా ఉండాల్సినంత మెత్తగా మారుతుంది. పుల్కాలు వద్దు, పలచన, చిరిగిపోతాయి. పరాటా కూడా వద్దు, నూనె ఎక్కువైపోతుంది. పిండి కలిపేటప్పుడు కాస్త గట్టిగా కలిపి, మందంగా ఒత్తిన మామూలు చపాతీ చాలు. లోపం ఏమిటంటే గోధుమ రుచి పోదు. పిల్లలకి తెలియదు గానీ తెలిసినవాళ్లకి "ఇది చపాతీయే కదా" అని తెలిసిపోతుంది. తెలిస్తే ఏం, అని నా ఉద్దేశం.

ప్యాకెట్ మైదా టోర్టియా చూడ్డానికి బాగుంటుంది, అన్నీ ఒకే కొలత, గుండ్రటి గిన్నెలో చక్కగా సరిపోతాయి, పిండి కలిపే పని లేదు. పిండిలోనే నూనె పదార్థం కలిపి ఉంటుంది కాబట్టి చపాతీ అంత తొందరగా సాస్ తాగదు. అయితే తాగాక మాత్రం జిగటగా తయారవుతుంది, మైదా కదా. పెనం మీద మచ్చలు పడేదాకా కాల్చితే ఆ జిగట చాలావరకూ తగ్గుతుంది. మా పిల్లలకి ఇదే ఇష్టం. నాకు మూడోసారికి మొహం మొత్తింది, ఎందుకంటే దానికంటూ రుచేమీ లేదు, లోపల వేసిన కూర రుచే దాని రుచి. మిగిలిన ముక్క మర్నాడు మైక్రోవేవ్‌లో పెడితే రబ్బరులా సాగుతుంది. ఇంకో మాట, ప్యాకెట్ తెరిచాక నాలుగు వాడి నాలుగు దాచుకుంటాం కదా, మన వైపు చెమ్మకి అవి బూజు పట్టడానికి ఎన్నో రోజులు పట్టదు, మిగిలినవి ఫ్రీజర్‌లో పెట్టేయండి.

మొక్కజొన్న రొట్టె దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నాకు నచ్చింది ఇదే. ముందు ఒక పొరపాటు చెప్పాలి. కిరాణా కొట్టులో కార్న్ ఫ్లోర్ అని అడిగితే ఇచ్చే తెల్లటి పిండి ఇది కాదు. అది మంచూరియాలో వేసే గంజి పిండి, దానితో రొట్టె రాదు. మనకి కావాల్సింది ఎండు మొక్కజొన్న గింజలు మరాడించిన పిండి. మన రెండు జిల్లాల్లోనూ మొక్కజొన్న బాగానే పండుతుంది కాబట్టి గింజలు దొరకడం కష్టం కాదు. కొట్లో దొరక్కపోతే తెలిసిన రైతు దగ్గర రెండు కిలోలు తీసుకుని శుభ్రం చేసి మిల్లుకి పట్టుకెళ్లడమే, మెత్తగా ఆడమని మరీ మరీ చెప్పి.

మెక్సికోవాళ్లు చేసేది వేరు. వాళ్లు ఎండు గింజల్ని సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి, పచ్చి ముద్దగా రుబ్బుతారు. సున్నం వల్ల గింజ పైపొట్టు ఊడిపోతుంది, పిండికి అతుక్కునే గుణం వస్తుంది, అందులో ఉన్న నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పట్టే రూపంలోకి మారుతుంది. దాన్నే మాసా అంటారు. ఆ ముద్దని నొక్కితే పలచటి టోర్టియా అవుతుంది, చుట్టినా విరగదు. మన పిండికి ఆ గుణం లేదు, అందుకే చేత్తో ఎంత ఒత్తినా అంచులు పగులుతాయి. దీన్ని చూసి చాలామంది మానేస్తారు. ఇక్కడే నాకు ఒక సంగతి తట్టింది, కాస్త ఆలస్యంగా, ఐదోసారికి: ఈ వంటలో రొట్టె చుట్టాల్సిన పని లేదు కదా! విరిగితే విరగనీ, గిన్నెలో ముక్కలు పక్కపక్కన పేర్చుకోవచ్చు, పెంకుటిల్లు నేసినట్టు. మరిగే నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి పిండి కలిపి, పది నిమిషాలు మూత పెట్టి, జొన్నరొట్టె చేసినట్టే తడిగుడ్డ మీద తట్టి పెనం మీద కాల్చుకోండి. వంకరగా వచ్చినా పర్వాలేదు. సాస్ తాగాక కూడా దీని పొర పొరలాగే ఉంటుంది, ఆ కమ్మటి వాసన మైదాకి ఏడు జన్మలెత్తినా రాదు.

కష్టం అంటారా, ఉంది. ఆరు రొట్టెలకి నాకు నలభై నిమిషాలు పట్టింది. ఆఫీసు నుంచి ఏడింటికి వచ్చి చేసే పని కాదు. ముందు రోజు కాల్చి పెట్టుకుంటే సగం తేలిక, ఆరిన రొట్టె ఇంకా మంచిది కూడా.

ఒకసారి చోడిపిండితో కూడా చేశాను, ఇంట్లో ఉంది కదా అని. రంగు చూసి పిల్లలు దగ్గరికి రాలేదు. రాజ్మా ముదురెరుపు, చోడి నలుపు, పైన చీజ్ తెలుపు, చూడ్డానికి ఏదోలా ఉంది. నాన్న మాత్రం రెండు ముక్కలు తిన్నారు, ఆ రోజు పెరుగన్నం అడగలేదు. ఆయన ఓటు దానికే.

నాచో చిప్స్‌ని (మొక్కజొన్న చిప్స్) పొరల్లో వేయకండి. పావుగంటకే మెత్తబడిపోతాయి, ఉప్పు కూడా ఎక్కువ. దించే ముందు పైన నలిపి చల్లుకుంటే కరకర బాగుంటుంది. అన్నం పొర వేసినవాళ్లు ఉన్నారు. అది వేస్తే ఇది చీజ్ వేసిన రాజ్మా అన్నం అవుతుంది, దానికి ఇంత హంగామా ఎందుకు.

| రొట్టె | పొర నిలబడేది | పట్టే సమయం | దొరకడం | మర్నాటికి |
|---|---|---|---|---|
| కాల్చిన మిగులు చపాతీ | బాగానే, గట్టిగా కాల్చితే | పది నిమిషాలు | ఇంట్లోనే | పెనం మీద బాగుంటుంది |
| ప్యాకెట్ మైదా టోర్టియా | మధ్యస్థం, కాస్త జిగట | ఐదు నిమిషాలు | పెద్ద కొట్లలో, ప్రతిసారీ ఉండదు | సాగుతుంది |
| మొక్కజొన్న రొట్టె | అన్నిటికన్నా బాగా | నలభై నిమిషాల పైన | పిండి మరాడించుకోవాలి | ఇంకా రుచి |
| చోడి రొట్టె | బాగా | అరగంట పైన | ఇంట్లోనే | బాగుంటుంది, రంగు మరీ నలుపు |
| నాచో చిప్స్ | నిలబడదు | లేదు | ఎక్కడైనా | పనికిరాదు |

ఓవెన్ లేకపోతే?

ఓటీజీ ఉన్నవాళ్లకి చెప్పాల్సింది కొంచెమే. 180 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ముందే వేడెక్కనిచ్చి, గిన్నె పెట్టి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు, చివరి మూడు నాలుగు నిమిషాలు పై రాడ్ మాత్రమే. పైన చీజ్ మీద గోధుమరంగు మచ్చలు పడగానే తీసేయాలి. లోపల అన్నీ ముందే ఉడికినవే కాబట్టి ఇది ఉడికించడం కాదు, అతికించడం. గాజు గిన్నె ఐతే ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టకండి, పగిలే ప్రమాదం ఉంది. మధ్యలో కరెంటు పోతే తలుపు తీయకుండా వదిలేయండి, లోపలి వేడికే సగం పని అయిపోతుంది, ఇది అనుభవం మీద చెప్తున్నా.

మామూలు మైక్రోవేవ్‌లో చీజ్ కరుగుతుంది, పైన ఎర్రబడదు, రొట్టె మెత్తగా ఆవిరి పట్టినట్టు అవుతుంది. కన్వెక్షన్ (లోపల వేడిగాలి తిప్పేది) ఉన్నదైతే ఓటీజీ లెక్కే.

గ్యాస్ పొయ్యి మీద చేయడం అనుకున్నంత కష్టం కాదు. అడుగు మందంగా ఉన్న గిన్నె ఒకటి, దాని కింద దోసె పెనం. బిర్యానీకి దమ్ పెట్టినట్టే. గిన్నె అడుగున నూనె రాసి, ముందు రొట్టె ముక్కలు రెండు వరసలు వేయండి, ఒక వరస మాడినా రెండోది దక్కుతుంది. మూత పెట్టి బాగా తక్కువ సెగ మీద ఇరవై ఐదు నిమిషాలు. మూతకి పట్టిన ఆవిరి నీళ్లు కిందికి కారి పైపొరని తడిపేస్తాయి, అందుకే మూతకి శుభ్రమైన పొడి గుడ్డ చుట్టి, అంచులు మంటకి తగలకుండా పైకి కట్టేయాలి. ఈ గుడ్డ ఉపాయం అమ్మది. పైన ఎర్రబడదు, అదొక్కటే వెలితి. పలచటి స్టీలు గిన్నెలో మాత్రం చేయకండి, అడుగు మాడి ఇల్లంతా వాసన.

నిజం చెప్పాలంటే ఈ వంట కోసం కొత్తగా ఓటీజీ కొనక్కర్లేదు. పెనం మీద నాలుగుసార్లు చేసి, ఇంట్లోవాళ్లు మళ్లీ మళ్లీ అడిగితే అప్పుడు ఆలోచించండి.

లోపల ఏం పెట్టాలి

రాజ్మా, బొబ్బర్లు, చికెన్ కీమా, ఈ మూడిట్లో ఏదంటే, శనివారం, కార్తీకం లాంటి పట్టింపులు ఉన్న ఇంట్లో మొదటి రెండే. రాజ్మాలో కూడా ఢిల్లీ వైపు నుంచి వచ్చే ముదురెరుపు రకం కన్నా, చింతపల్లి వైపు ఏజెన్సీలో పండే రాజ్మా దొరికితే తీసుకోండి, మెత్తగా ఉడికి, గరిటెతో నలిపితే వెన్నలా అవుతుంది. ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో కుక్కర్‌లో బాగా మెత్తబడేదాకా ఉడికించాలి. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది, అది గట్టిగా మరిగితేనే పోతుంది, సగం ఉడికిన గింజలు తింటే వాంతులు, కడుపునొప్పి ఖాయం. ఓవెన్‌లో ఉడుకుతాయిలే అని గట్టి గింజలు వేసేయడం మాత్రం అస్సలు వద్దు.

బొబ్బర్లు నానబెట్టడం మర్చిపోయిన రోజు దేవుడిచ్చిన వరం, కుక్కర్‌లో తొందరగా అయిపోతాయి. రుచి మాత్రం మనకి బాగా తెలిసిన రుచి, మెక్సికో కాస్త దూరం జరిగి చీపురుపల్లి దగ్గరకొస్తుంది. పెద్దవాళ్లకి అదే నచ్చుతుంది.

కీమా ఐతే నీరంతా ఇగిరిపోయేదాకా వేయించాలి. కీమా నీరు వదిలినంత మరేదీ వదలదు, అది పొరల్లోకి దిగితే మొక్కజొన్న రొట్టె కూడా కాపాడలేదు. ఆదివారం చేసేవాళ్లకి రుచిలో ఇదే పైచేయి, ఒప్పుకుంటాను.

కూరలో గరం మసాలా వేయాలని చెయ్యి లాగుతుంది. ఆపుకోండి. వేస్తే పంజాబీ రాజ్మా అవుతుంది. అల్లం కూడా వద్దు. ఉల్లి, వెల్లుల్లి, వేయించి కొట్టిన జీలకర్ర పొడి, ఓరిగానో, రంగు ఎక్కువ కారం తక్కువ ఉండే కాశ్మీరీ కారం, అంతే. మన ఎర్ర కారం వేస్తే సగానికి సగం తగ్గించండి. పొబ్లానో మనకి దొరకదు కాబట్టి బజ్జీ మిరపకాయలు నాలుగు తెచ్చి, పొయ్యి మంట మీద వంకాయ కాల్చినట్టు నల్లగా కాల్చి, తొక్క తీసి, గింజలు దులిపి చీలికలు చేసి పొరల్లో పెట్టండి. ఆ పొగ వాసనతో వంట మొత్తం మారిపోతుంది. పిల్లల వైపు సగంలో వాటి బదులు క్యాప్సికం వేసి, గిన్నెకి ఆ వైపు ఒక టూత్‌పిక్ గుచ్చి గుర్తు పెట్టుకుంటాను.

టమాటా సాస్ విషయంలో సీసా కెచప్ వాడకండి, తియ్యటి పాకంలా ఉంటుంది. రైతుబజార్ టమాటాలు అరకిలో, రెండు ఉల్లిపాయలు, ఆరేడు వెల్లుల్లి రెబ్బలు మగ్గబెట్టి రుబ్బి, మళ్లీ పొయ్యి మీద పెట్టి, గరిటె లాగితే దారి పడి వెంటనే మూసుకుపోకుండా ఉండేదాకా దగ్గర పెట్టాలి. మన టమాటాల పులుపుకి చిన్న బెల్లం ముక్క పడితే బాగుంటుంది. ఉత్తరాంధ్ర వాడిని, నాకు బెల్లం వద్దని చెప్పే ధైర్యం ఎవరికుంది.

చీజ్ గొడవ

మొజరెల్లా తీగలా సాగుతుంది, ఉప్పు తక్కువ, చల్లారితే గట్టిపడి నములుడు ఎక్కువ. ప్రాసెస్డ్ చీజ్ సాగదు కానీ మెత్తగా కరిగి సాస్‌లో కలిసిపోతుంది, అందులో ఉప్పు బాగా ఉంటుంది కాబట్టి కూరలో ఉప్పు తగ్గించుకోవాలి. నేను లోపలి పొరల్లో ప్రాసెస్డ్, పైన మొజరెల్లా వేస్తాను, ఇద్దరికీ న్యాయం. ఆరుగురి గిన్నెకి రెండూ కలిపి 200 గ్రాములు చాలు, వీడియోల్లో చూపించినంత వేస్తే రాత్రి నిద్రపట్టదు, పర్సుకీ పట్టదు. పనీర్ కరగదు, చీజ్‌కి బదులు అనుకుంటే నిరాశే. పైన పొడిలా చల్లుకోవడానికి మాత్రం భేషుగ్గా ఉంటుంది, మెక్సికోలో కూడా కరగని పచ్చి చీజ్ అలా చల్లుకునే అలవాటు ఉంది.

అమ్మలా చీజ్ పడనివాళ్లకి ఒక దారి ఉంది. పలాస జీడిపప్పులో ముక్కలు విడిగా తక్కువ ధరకే అమ్ముతారు, అవి గుప్పెడు నానబెట్టి, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు, నిమ్మరసం వేసి మెత్తగా రుబ్బి, చీజ్ బదులు పొర వేయండి. సాగదు, ఎర్రబడదు, కానీ కమ్మగా ఉంటుంది. చిన్న గిన్నెలో అమ్మకి విడిగా అలా చేసి పెడుతున్నాను. పైన వేసుకునే సోర్ క్రీమ్ (పుల్లటి క్రీమ్) కోసం వెతక్కండి, గుడ్డలో కట్టి నీరు ఓడ్చిన పెరుగులో ఉప్పు, నిమ్మరసం కలిపితే అదే.

మరి మీరు ఏది చేయాలి

మొదటిసారి చేస్తున్నవాళ్లు, ఇంట్లోవాళ్లు తింటారో లేదో తెలియనివాళ్లు, టోర్టియా కోసం ఆర్డర్ పెట్టకండి. రాత్రి చపాతీలు ఆరేడు ఎక్కువ చేసి, మర్నాడు కాల్చి, రాజ్మాతో చేయండి. పోతే చపాతీలే పోతాయి. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇల్లైతే, ముందు రోజు రాత్రి రాజ్మా నానబెట్టి, సాస్ చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, మర్నాడు రాజ్మా కుక్కర్‌లో మెత్తగా ఉడికించుకున్నాక పేర్చడం పదిహేను నిమిషాలు, వేడి పెట్టడం ఇరవై ఐదు. అన్నీ ఒకే రోజు పెట్టుకుంటే మాత్రం తొమ్మిదిన్నర దాటుతుంది, పిల్లలు అప్పటికే బిస్కెట్లు తినేసి ఉంటారు.

పెద్దవాళ్లు ఎక్కువ ఉన్న ఇంట్లో మొక్కజొన్న రొట్టె, బొబ్బర్లు, తక్కువ చీజ్, సాస్ ఒక గరిటె ఎక్కువ. పళ్లు లేనివాళ్లకి పై అంచుల కరకర కాకుండా మధ్య ముక్క పెట్టండి. ఇంకో సంగతి, దీన్ని వాళ్ల భోజనానికి బదులుగా పెట్టకండి. మామూలు అన్నం, చారు, పెరుగు పక్కన ఉండనిచ్చి దీన్ని ఒక పదార్థంగా వడ్డించండి. అన్నం లేదంటే ఎంత రుచిగా ఉన్నా "తిన్నట్టు లేదురా" అంటారు. నాన్న విషయంలో రెండుసార్లు పోట్లాడి మానుకున్నాను.

పిల్లలే ముఖ్యం అనుకుంటే మైదా టోర్టియా, స్వీట్‌కార్న్ ఒక కప్పు, పైన నలిపిన చిప్స్. నెలకోసారి అంటే తప్పేం లేదు. గోధుమ పడనివాళ్లు ఇంట్లో ఉంటే మొక్కజొన్న రొట్టె, కాదంటే చోడి రొట్టె, వేరే ఆలోచన వద్దు, అయితే ఆ మిల్లులో అంతకుముందు గోధుమలు ఆడించారేమో అడగండి, గోధుమ పిండి పొడి కాస్తయినా కలుస్తుంది. హాస్టల్లోనో అద్దె గదిలోనో ఒకే పొయ్యి మీద బతికే కుర్రాళ్లకి పెనం పద్ధతి, ప్రాసెస్డ్ చీజ్ నాలుగు క్యూబులు, ముందు రోజు మెస్ చపాతీలు. నవ్వకండి, మా తమ్ముడి వరస కుర్రాడు శ్రీకాకుళంలో గదిలో చేసి ఫోటో పంపాడు, నాదానికన్నా పొరలు బాగా కనబడ్డాయి.

చుట్టాలు వస్తున్నారంటే మాత్రం కొత్తగా ప్రయోగం చేయకండి. మా చిన్నత్తయ్యగారి ఎదుట చేసి భంగపడ్డాను, ఆ కథ ఇంకోసారి.

కోయడానికి ముందు పది నిమిషాలు ఆగాలి, ఇది మర్చిపోయేలా ఉన్నాను. వేడివేడిగా కోస్తే ఎంత మంచి రొట్టె వేసినా జారిపోతుంది. పిల్లలు ప్లేట్లు పట్టుకుని నిలబడతారు, వాళ్లని పెరుగు గిన్నె, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్కలు బల్ల మీద సర్దమని పంపేయండి, ఆ పది నిమిషాలూ అలా గడిచిపోతాయి.

మిగిలిన ముక్కని మర్నాడు పొద్దున్న పెనం మీద చుక్క నూనె వేసి, అడుగు కరకరలాడేదాకా కాల్చుకోండి, మైక్రోవేవ్ వద్దు. మా అమ్మ జీడిపప్పు గిన్నెలో మిగిలిన ముక్కని మెంతి ఆవకాయతో తింటుంది. మొదట్లో వద్దన్నాను. ఒకసారి నా ప్లేటులోనూ ఒక బద్ద వేసింది, తిన్నాక ఇంక ఏమీ అనలేదు.